నల్లరాతి మీద తెల్లచుక్క

వెంకటరమణప్ప కంటికి కుప్పంలో పేరుంది. ఊరి బయట గ్రానైటు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళుగా ఆయన చేస్తున్న పని ఒకటే. పాలిష్ అయి వచ్చిన పలకను చూడడం. పలకకు ఎదురుగా నిలబడడు. పక్కకు జరిగి, ఒక మోకాలు నేలకు ఆనించి, వెలుతురు రాతి మీదుగా జారిపోయే వైపు నుంచి చూస్తాడు. ఎదురుగా చూసేవాడికి తన ముఖమే కనిపిస్తుందని, రాయి కనిపించదని అంటాడు. తప్పు కనబడితే చొక్కా జేబులోంచి పసుపు క్రేయాన్ తీసి దాని చుట్టూ సున్నా చుడతాడు. సున్నా పడిన పలక ఓడ ఎక్కదు. తక్కువ ధరకు అమ్మే సెకండ్స్ గుట్టలోకి పోతుంది.

నల్లరాతిలో ఆయన వెతికేవి ముఖ్యంగా రెండు. తెల్లచుక్క ఒకటి. అది ఆవగింజలో సగం ఉన్నా చాలు, నల్లటి పలక మీద కంటిని పట్టుకుని వదలదు. రెండోది పగులు. పగులును పట్టుకోవడం కష్టం. రాతిలో పుట్టుకతోనే వచ్చే గీతలు కొన్ని ఉంటాయి, అచ్చం పగుళ్ళలాగే కనిపిస్తాయి. తేడా తెలియాలంటే నీళ్ళు పోసి, గుడ్డతో తుడిచి, కాసేపు ఊరుకోవాలి. పుట్టుగీత పలకతో పాటే ఆరిపోతుంది. పగులు మాత్రం తాగిన నీళ్ళను మెల్లగా బయటికి వదులుతూ, చుట్టూ అంతా ఆరాక కూడా సన్నటి తడిగీతగా మిగులుతుంది. అందాకా ఆగాలి. ఆగకుండా సున్నా చుట్టకూడదు.

ఒకవేళ పొరపాటున చుడితే, దాన్ని తుడిపేయడానికి లేదు. ఫ్యాక్టరీలో అదొక కట్టుబాటు. తప్పుగా పడిన సున్నా మీద అడ్డంగా ఒక గీత గీసి, దాని పక్కన, పలక చూసినవాడు తన పొడి అక్షరాలు వేయాలి. పొరపాటు రాతిది కాదు, ఫలానా మనిషిది అని తెలియడానికి. ఇరవై ఆరేళ్ళలో ఆయన అలా గీసినవి నాలుగో ఐదో.

ఆయన నోటి నుంచి "బాగుంది" అనే మాట రావడం ఎవరూ పెద్దగా వినలేదు. పక్క ఫ్యాక్టరీ రాయిని ఎవరైనా చూపిస్తే మాత్రం అంటాడు. అది ఆయన చూడవలసిన రాయి కాదు.

ఇంట్లోనూ అంతే. భార్య సుభద్రమ్మ వండి పెట్టిన పులుసులో ఉప్పు ఒక చిటికె తక్కువైతే చెప్పేవాడు. సరిపోతే ఏమీ చెప్పకుండా తినేవాడు. ఆమెకు ఆ లెక్క తెలుసు. మాట లేకపోతే సంతోషపడేది. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఆ తరువాత ఒక్కగానొక్క కూతురు దీపికకు మదనపల్లెలో పెళ్ళి చేశాడు. అల్లుడు అరుణ్ కుమార్ టమోటా మండీలో పని చేస్తాడు. కూతురు వెళ్ళిపోయాక వెంకటరమణప్ప ఇల్లు ఖాళీ చేసి, రైలు స్టేషను వెనక ఒక గదిలో చేరాడు. బెంగుళూరు రైళ్ళు పోతుంటే గది తలుపు గొళ్ళెం అదురుతుంది. దానికి అలవాటు పడ్డాడు. ఇప్పుడు రైలు ఆలస్యమైతే మెలకువ వస్తుంది.

రెండేళ్ళ కిందట అరుణ్ కుమార్ మదనపల్లెలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. వంటగట్టుకు నల్లరాయి వేయించాడు. మామ గ్రానైటు ఫ్యాక్టరీలో ఉన్నాడని అందరికీ తెలుసు. అయినా రాయి ఎంచే ముందు మామను ఒక్కమాట అడగలేదు. తనే నాలుగు దుకాణాలు తిరిగి, తనకు నచ్చింది తెచ్చుకున్నాడు. గృహప్రవేశం నాడు పాలు పొంగాక, చుట్టాలందరూ వంటింట్లో నిలబడి ఉండగా, వెంకటరమణప్ప గట్టు పక్కన మోకాలు వంచాడు. మూలన వెంట్రుకంత గీత కనిపించింది. జేబులోంచి క్రేయాన్ తీశాడు.

"పగులుండాది," అన్నాడు. సున్నా చుట్టాడు.

ఎవరో నవ్వారు. అరుణ్ కుమార్ మేనత్త, "పిల్లోడు మోసపోయినాడా?" అంది. అల్లుడు వంటింట్లోంచి బయటికి వెళ్ళిపోయాడు. భోజనాల దగ్గర మామ విస్తరి వైపు రాలేదు. తరువాత దీపిక ఆ సున్నాను తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడట. "ఉండనీ. మీ నాయన ఇచ్చిన సర్టిఫికెట్ అది," అన్నాడట. దీపికే ఫోన్‌లో ఆ మాట చెప్పింది. అప్పటినుంచి ఆమె ఫోన్లు తగ్గాయి. వారానికి ఒకటి నెలకు ఒకటయింది. ఈ వేసవిలో అదీ లేదు. వెంకటరమణప్ప చేతిలోని బటన్ల ఫోను వేసవి మొదట్లోనే చచ్చిపోయింది. కొత్తది కొనలేదు. ఎవరికి చేయాలని.

మొన్న సోమవారం ఫ్యాక్టరీకి ఒక పార్సిల్ వచ్చింది. విప్పితే కొత్త ఫోను. పెట్టె మీద పుంగనూరు దుకాణం ముద్ర ఉంది. చీటీ ఏదీ లేదు. గేటు దగ్గర కాపలా మనిషి అందులో ఆయన పాత ఫోనులోని సిమ్ము వేసి ఇచ్చాడు. ఫోనులో ఒకటే పేరు ఎక్కించి ఉంది. దీపిక. సాయంత్రానికి ఆ పేరు నుంచి ఒక మాట వచ్చింది.

"చేరిందా?"

గదిలో మంచం మీద కూర్చుని చాలాసేపు దాన్ని చూశాడు. జవాబు ఎలా కొట్టాలో తెలియదు. ఫోను ఆరిపోయింది. మళ్ళీ నొక్కాడు. తెర మీద నల్లటి బొమ్మ, దాని మీద టైము. ఫోనును పక్కకు వంచాడు. అలవాటు. కుడివైపు, టైముకు కొంచెం కింద, ఒక తెల్లచుక్క.

వేలితో తుడిచాడు. పోలేదు. పంచె కొసతో తుడిచాడు. పోలేదు. లోపలిది. ఆ రాత్రి జవాబు పంపలేదు. చేరిందంటే, ఎట్లుంది అని అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలి?

మరునాడు పాలిష్ మిషను నడిపే గంగులప్ప ఆ ఫోనును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఇద్దరూ ఒకే ఏడు పనిలో చేరినవాళ్ళు.

"మాట్లాడతాండాదా ఫోను?"

"మాట్లాడతాది."

"పాట పాడతాదా?"

"పాడతాది."

"మల్ల యాల దీనికి సున్నా సుట్టినావు?"

అద్దం మీద పసుపు సున్నా ఉంది. చుక్క ఎక్కడుందో మళ్ళీ వెతుక్కోకుండా పొద్దున చుట్టాడు.

"సుక్క ఉండాది సూడు."

గంగులప్ప కళ్ళు చిట్లించాడు. "నీ సున్నా కనపడతాండాది. సుక్క కనపడలేదే."

"పక్కనుంచి సూడు."

"నేను యాడనుంచి సూసినా అంతే. సామీ, నువ్వు సందమామను గూడా సెకండ్స్‌లో యేసేటోడివి."

"నవ్వద్దు. అంగడోడు మంచిదని చెప్పి అమ్మినాడు. ఒక్క సుక్కకు మనం ఎనిమిదడుగుల పలకను పక్కన పెడతాండాము. వాడికి వేరే న్యాయమా?"

గంగులప్ప ఫోను తిరిగి ఇచ్చేశాడు. "పలకను నీకు ఎవురూ పంపలేదప్పా. ఇది నీ బిడ్డ పంపింది." మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. నీళ్ళ మోత మొదలయింది.

పెట్టెలో అచ్చేసిన కాగితం ఉంది. కొన్న ఏడు రోజుల్లో తప్పు చూపిస్తే మార్చి ఇస్తారు. పెట్టె మీద వేసిన తేదీ నుంచి లెక్కేస్తే ఆదివారం ఆఖరు. బుధవారం, గురువారం గడిచాయి. సున్నా ఫోను మీద అలాగే ఉంది. శుక్రవారం దీపిక నుంచి ఇంకో మాట వచ్చింది. "చేరలేదా?" దానికీ జవాబు లేదు. ఆదివారం ఫ్యాక్టరీ సెలవు. ఆరు గంటల బస్సెక్కాడు.

పలమనేరులో బస్సు మారి పుంగనూరులో దిగేసరికి దుకాణం అప్పుడే తెరుస్తున్నారు. యజమాని గోవిందస్వామి అగరుబత్తి వెలిగించి, ఫోను అందుకున్నాడు.

"ఎవురప్పా ఈ గీత గీసింది?"

"నేనే. సుక్క తప్పిపోకుండా."

"సుక్క యాడికి పోతాది పెద్దాయనా, దానికేమన్నా కాళ్ళుండాయా?" మెత్తటి గుడ్డతో ఒక్కసారి రుద్దాడు. సున్నా పోయింది. తెరను నల్లగా చేసి, చేతులు అడ్డం పెట్టి చూశాడు. "ఉండాది. నిజమే. నీ కండ్లకు దండం పెట్టల్ల."

"మార్చి ఇస్తావా?"

"కంపెనీ రూలు ఒకటుండాది. మూడు సుక్కల లోపల అయితే తప్పు కింద రాదు."

"రెండుంటే?"

"రెండున్నా మంచిదే."

"తప్పు కింద రాకుంటే మంచిదయిపోతాదా?"

గోవిందస్వామి నవ్వాడు. "నువ్వు యా కోర్టులో పని సేస్తావప్పా?"

"రాళ్ళు సూస్తాను. కుప్పంలో."

"అట్లయితే నీతో నేను వాదం పెట్టుకోను. బిల్లు తీసుకురా. నేను గట్టిగా రాస్తే తీసుకుంటారు. అయితే ఫోను ఈడ ఇచ్చి పోవల్ల. బెంగుళూరుకు పోయి రావల్ల. పదైదు దినాలు."

"పదైదు దినాలు ఫోను లేకుండానా?"

"ఎవురు సేస్తారు నీకు అంత అర్జెంటుగా?" అన్నాడు గోవిందస్వామి. వేళాకోళంగానే అన్నాడు. వెంకటరమణప్ప ఫోను జేబులో పెట్టుకున్నాడు.

బిల్లు పెట్టెలో లేదు. అంటే దీపిక దగ్గర ఉంది. బిల్లు కావాలంటే ఆమెను అడగాలి. రెండేళ్ళ తరువాత కూతురి గడప తొక్కి, నువ్వు పంపింది బాగలేదు, కాగితం ఇయ్యి అని అడగాలి. మదనపల్లె బస్సు కదులుతుంటే ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాడు. చుక్క మాట ఎత్తడు. ఫోను బాగుందని చెబుతాడు. కూతురిని చూసి వస్తాడు. దారి పొడవునా టమోటా బండ్లు ఎదురయ్యాయి.

దీపిక తలుపు తీసి, గడప అవతలే ఒక క్షణం నిలబడింది. కొంచెం ఒళ్ళు చేసింది.

"రా నాయనా."

కుర్చీ వేసింది. చెంబుతో నీళ్ళు ఇచ్చింది. అరుణ్ కుమార్ ఇంట్లో లేడు. మండీలో సరుకు ఎక్కువగా ఉందట, ఐదింటికి గానీ రాడట. వెంకటరమణప్ప నీళ్ళు తాగి చెంబు నేల మీద పెట్టాడు.

"ఫోను చేరిందా?"

"చేరింది."

"జవాబు యాల ఇయ్యలేదు?"

"కొట్టేది తెల్దు."

"ఎట్లుండాది?"

"బాగుండాది."

దీపిక ఆయన ముఖంలోకి చూసింది.

"బాగుండాదా?"

"ఊ. శానా బాగుండాది."

ఆమె చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది, ఆగిపోయింది. తిరిగి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"అమ్మ పద్దెనిమిదేండ్లు పులుసు సేసి పెడితే నేను ఇన్లేదు ఈ మాట. నేను పదోతరగతిలో ఫస్టొస్తే, లెక్కల్లో ఆ నాలుగు మార్కులు యాడ పోయినాయి అన్నావు."

వెంకటరమణప్ప పైకి చూశాడు.

"బాగుండాది అనేది నువ్వు ఊరోళ్ళకు సెప్పే మాట నాయనా. నాకు గూడా సెప్పే కాడికి వచ్చినావా?"

ఫ్యాను తిరుగుతోంది. దాని ఒక రెక్క కొద్దిగా కిందికి వంగి ఉంది. వచ్చిన వెంటనే చూశాడు ఆ సంగతి.

"సుక్క ఉండాది," అన్నాడు చివరికి.

"యాడ?"

ఫోను తీసి చూపించాడు. ఆమెకు కనిపించలేదు. వంచి చూపించాడు. కనిపించలేదు. ఇద్దరూ తలుపు వెనక చీకట్లోకి వెళ్ళారు. ఆమె తల ఆయన భుజానికి తగిలింది. అప్పుడు చూసింది.

"ఓ. ఇదా." ఫోను వెనక్కి ఇచ్చింది. "ఇంక నాకు ఇదే కనపడతాది, ఏ ఫోను పట్టుకున్నా."

ఆమె బీరువాలోంచి బిల్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇది ఎంచింది నేను గాదు. ఆయప్ప, నీ అల్లుడు. పని మీద పుంగనూరు పోయినప్పుడు నాలుగు ఫోన్లు తీయించినాడంట, అన్నీ తిప్పి తిప్పి సూసినాడంట. మీ నాయనకు పెట్టల్లంటే ఊరికేనా అన్నాడు. నువ్వు మార్పించుకుంటావో ఉంచుకుంటావో నీ ఇష్టం. ఆయనకు సెప్పేది మాత్రం నువ్వే సెప్పల్ల. నేను సెప్పను. మీ ఇద్దరి మధ్య నలిగింది ఒకసారి సాలు నాకు."

భోజనం పెట్టింది. పులుసులో ఉప్పు సరిపోయింది. ఆయన మాట్లాడకుండా తిన్నాడు. ఆమె చూసి ఇంకో గరిటె వేసింది.

చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళాడు. గట్టు మూలన పోపుల డబ్బా ఉంది. దాని కింద నుంచి పసుపు రంగు కొంచెం కనిపించింది. డబ్బా జరిపాడు. సున్నా అలాగే ఉంది. రెండేళ్ళ వంట, నూనె, తుడుపు, ఏవీ దాని జోలికి పోలేదు. చుట్టూ రాయి మెరుస్తోంది. ఆయన మోకాలు వంచాడు. ఎప్పటిలా పక్కనుంచి చూశాడు. గీత ఉంది. రెండేళ్ళలో వెంట్రుకంత కూడా పెరగలేదు.

గృహప్రవేశం నాడు నీళ్ళు పోయలేదు. ఆ సంగతి ఆయనకు ఆ రోజే తెలుసు. నీళ్ళు పోసి ఆగాలంటే ఆగేవాడు. రాయి ఎంచేముందు తనను అడగలేదన్న ఉక్రోషం ఆగనివ్వలేదు.

చెంబుతో నీళ్ళు తీసుకుని గీత మీద పోశాడు. అరచేత్తో పరిచాడు. దీపిక గుడ్డ అందించింది. తుడిచాడు. ఇద్దరూ నిలబడి చూశారు. బయట ఎవరో కుక్కర్ల రిపేరంటూ అరుచుకుంటూ పోయాడు. ఆ గొంతు వీధి చివరికి చేరేసరికి రాయి అంచుల నుంచి ఆరడం మొదలయింది. తడి తగ్గుతూ సున్నా దగ్గరికి వచ్చింది. సున్నా లోపలికి పోయింది. గీతతో సహా ఆరిపోయింది.

ఆయన వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది.

"ఏమి నాయనా?"

"పగులు గాదు. పుట్టుగీత. రాయి మంచిది."

ఆయన జేబులోంచి క్రేయాన్ తీశాడు. సున్నా మీద అడ్డంగా ఒక గీత గీశాడు. పక్కన, చిన్న అక్షరాలతో, వె.ర. అని వేశాడు. కింద తేదీ వేశాడు.

"తుడిసేస్తే సరిపోదా?"

"తుడవకూడదు."

మూడున్నర బస్సుకు లేచాడు. ఐదింటికి ఆయన వస్తాడు, ఉండమని దీపిక అడిగింది. తరువాత బస్సులున్నాయని కూడా చెప్పింది. అవి పలమనేరు దాకానే అన్నాడు. అది నిజమో కాదో ఆయనకు తెలియదు. ఉంటే అల్లుడికి ఎదురుగా కూర్చోవాలి. మాట వెతుక్కోవాలి. రాతి మీద రాయడమయితే చేతనయింది.

"ఫోను ఎత్తు నాయనా, సేస్తే," అంది దీపిక గేటు దగ్గర.

"ఎత్తుతా."

బస్సు పుంగనూరులో పది నిమిషాలు ఆగింది. రోడ్డు అవతల గోవిందస్వామి దుకాణం. గోవిందస్వామి స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. వెంకటరమణప్ప జేబు తడుముకున్నాడు. బిల్లు ఉంది. ఈ రోజే ఆఖరు. తప్పు ఉన్నమాట నిజం. వాడే ఒప్పుకున్నాడు. మూడు చుక్కలుంటే తప్పు, ఒకటుంటే కాదు అనే మాటను ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు. కానీ దిగి రోడ్డు దాటితే ఫోను అక్కడ వదిలి రావాలి. పదిహేను రోజులు. ఈలోగా ఇంటికి వచ్చిన అల్లుడు గట్టు మీది అడ్డగీత చూసి, ఏదైనా అనాలనుకుంటే, ఎక్కడ అంటాడు?

కండక్టరు బెల్లు కొట్టాడు. బస్సు కదిలింది.

పలమనేరు దాటాక పొద్దు గుంకింది. ఫోను మోగలేదు. వి.కోట వచ్చింది. మోగలేదు. ఐదు దాటి చాలాసేపయింది. బస్సులో సగం సీట్లు ఖాళీ అయ్యాయి. ఆయన పక్కన కూర్చున్న మనిషి కూడా దిగిపోయాడు. పంచె మీద పెట్టుకున్న ఫోను రెండుసార్లు నొక్కి చూశాడు, పనిచేస్తోందో లేదో అని. చుక్క ఉంది. పనిచేస్తోంది.

కుప్పం ఇంకా కొంత దూరం ఉందనగా ఫోను చిన్నగా అదిరింది. పేరు లేని నంబరు. తెరిచాడు. మాట లేదు. ఒక ఫోటో మాత్రం ఉంది. నల్లరాయి, దాని మీద పసుపు సున్నా, సున్నా మీద అడ్డగీత, వె.ర. పక్కన ఎవరి బొటనవేలో కొంచెం పడింది. గోరు సందున టమోటా మరక.

రాతి మీద తెల్లచుక్క కనిపించింది. సున్నాకు కొంచెం పైన. వెంకటరమణప్ప సీట్లో ముందుకు వంగాడు. మధ్యాహ్నం అంతసేపు చూశాను, ఇదెలా తప్పిపోయింది అనుకున్నాడు. దగ్గరగా చూద్దామని వేలు పెట్టి ఫోటోను జరిపాడు. రాయి జరిగింది. సున్నా జరిగింది. చుక్క ఉన్నచోటే ఉంది.

ఇంకోసారి జరిపాడు. చుక్క కదల్లేదు.

కాసేపు కిటికీ బయటికి చూశాడు. తరువాత తెర కింద అక్షరాలను ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టాడు. తప్పు పడితే చెరిపి మళ్ళీ కొట్టాడు. ఇక్కడ చెరపవచ్చు. ఊరి దీపాలు కనిపించేసరికి రెండు వాక్యాలు అయ్యాయి.

"రాయి మంచిది. ఫోనులో ఒక చుక్క ఉంది."

పంపాడు. బస్టాండులో అందరూ దిగేదాకా కూర్చున్నాడు. కండక్టరు, "అప్పా, కుప్పం," అన్నాడు. దిగి, ఫోను చేతిలోనే పట్టుకుని స్టేషను వైపు నడిచాడు. గది తాళం తీశాక కూడా దాన్ని జేబులో పెట్టలేదు. బెంగుళూరు రైలు పోయింది. గొళ్ళెం అదిరి ఆగింది. జవాబు ఇంకా రాలేదు.